గేజి గ్లాసు ఖాళీ అయిన మధ్యాహ్నం

సర్వశక్తుడైన దేవునికి స్తోత్రం. నిప్పును, నీటిని రెంటినీ కలుగజేసి, ఒకదాని హద్దు ఒకటి దాటకుండా కాచే తండ్రికి మహిమ. కాసేపు కనబడి మాయమయ్యే ఆవిరిలాంటి నా బ్రతుకును ఇన్నేళ్ళు తన అరచేతిలో నిలిపినందుకు ఆయనకు వేల వందనాలు.

ఇది మా సంఘంలో చెప్పుకునే సాక్ష్యాల వంటిది కాదు. జబ్బు తగ్గిందనో, వీసా వచ్చిందనో, ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికిందనో అక్కడ చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం. నేను చెప్పాల్సింది వేరు. చిన్నప్పుడు నేను నోరు విప్పకపోవడం వల్ల ఒక మనిషి ముఖం కాలిపోయింది. ఆ మాట నా భర్తకు కూడా చెప్పకుండానే ఆయన్ని సమాధిలో పెట్టాను. ఇప్పుడు రాసే ధైర్యం ఇచ్చిన ప్రభువుకు మరొకసారి స్తోత్రం చెప్పి మొదలుపెడతాను.

మేముండేది కార్ల్స్‌రూహెలో. మా తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక జర్మన్ చర్చి వెనక హాలులో కూడుకుంటుంది. పిల్లలకు సండే స్కూలు చెప్పేది నేనే. కిందటి నెల ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కుర్ర జంటలన్నీ పిల్లలతో ఆవిరి రైలు చూడ్డానికి బయలుదేరాయి. ఇక్కడ పాత ఇంజన్లను ముద్దుగా తుడిచి, నూనె పోసి, సెలవు రోజుల్లో ఒక లైను మీద నడుపుతారు. కూతురు, అల్లుడు, ఏడేళ్ళ మనవరాలితో నేనూ ట్రాము ఎక్కాను.

ప్లాట్‌ఫారం మీదకు రాగానే ఆ వాసన తగిలింది. బొగ్గు పొగ, కాగిన నూనె, తడి బూడిద. మనవరాలు ముక్కు మూసుకుంది.

"ఇ... అమ్మమ్మా, ఎస్ ష్టింక్ట్!"

"కంపు కాదే. మా నాన్న చొక్కా వాసన" అన్నాను.

అంతలో ఇంజన్ పైనున్న సేఫ్టీ వాల్వు లేచింది. చెవులు పగిలేటట్టు ఆవిరి పైకి చిమ్మింది. తెలివి వచ్చేసరికి నేను ప్లాట్‌ఫారం మీద బోర్లా పడి ఉన్నాను. నా కింద మనవరాలు. నేనే దాన్ని పడేసి దాని మీద పడ్డాను. పిల్ల గడ్డం రాతికి కొట్టుకుని రక్తం కారుతోంది. "వరుం, అమ్మమ్మా? వరుం?" అని ఏడుస్తోంది. ఎందుకు, ఎందుకు అని.

"ఏంటత్తయ్యా, రైలింజన్ని చూసి బాంబనుకున్నారా?" అల్లుడు నన్ను లేపుతూ నవ్వబోయాడు.

"ఊరుకో. ముందు పిల్ల గడ్డం చూడు" అంది నా కూతురు.

పిల్ల అడిగిన దానికి ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

* * *

నేను పుట్టి పెరిగింది కోస్తాలో ఒక జంక్షన్ ఊరి లోకో కాలనీలో. నాన్న గూడ్సు డ్రైవరు. ఆయన నడిపేవి ఎక్స్‌డి ఇంజన్లు. తెల్లదొరలు తమ దేశంలో పోత పోయించి ఓడల మీద దింపిన బండలు. ఒక్కో పక్క నాలుగేసి పెద్ద చక్రాలు, ఏనుగు పొట్టలాంటి బాయిలర్, పక్కన కార్ఖానా ఊరి పేరు చెక్కిన ఇత్తడి పలక. ప్యాసింజరు ఇంజన్లు పెళ్ళికూతుళ్ళలా మెరుస్తుంటే, ఇవి మసి పట్టి, మూలుగుతూ, బొగ్గూ సిమెంటూ ఈడ్చేవి. "ప్యాసింజరు దొరసాని. ఎక్స్‌డి మన అమ్మ" అనేవాడు నాన్న.

మా కాలనీలో ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి బూడిద రంగు తిరిగేది. అన్నంలో మసి నలుసు పడితే తీసి పక్కన పెట్టి తినేవాళ్ళం. నాన్న చొక్కాలను అమ్మ సోడా వేసి ఉడకబెడుతుంటే ఆ నీళ్ళ మీద నల్లటి మీగడ కట్టేది. పక్క పొయ్యి మీద గోంగూర, ఎండు రొయ్యలు. ఆ రెండు వాసనలూ కలిస్తే అదే మా ఇల్లు. ఒక్కో డ్రైవరుకు ఒక్కో కూత ఉండేది. ఔటర్ సిగ్నల్ దగ్గర నాన్న కూత, రెండు పొట్టివి, ఒక పొడుగుది, వినబడితే అమ్మ ఎసట్లో బియ్యం పోసేది.

దెబ్బలు కూడా అన్నంలాంటివే మా దగ్గర, పూటపూటా ఉండేవి. బొగ్గు ఏరుకునే చోట బజారు పిల్లలకూ మాకూ రాళ్ళ యుద్ధాలు. ఒక పిల్ల నా బుట్ట లాగితే బొగ్గు పెళ్ళతో దాని నుదురు చిట్లగొట్టాను. వాళ్ళమ్మ వచ్చి నా జడ పట్టి గోడకు కొట్టింది. ఆవిడ్ని మా అమ్మ చీపురుతో తరిమింది. సాయంత్రం నలుగురం ఒకే కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని మాట్లాడుకున్నాం.

నాన్న సంఘంలో పెద్ద. ఆయన పాట అందుకుంటే హార్మోనియం వెనకబడి పరుగెత్తేది. ఇంట్లో ఆయన బెల్టు తలుపు వెనక మేకుకు ఉండేది. వాక్యం అప్పజెప్పకపోతే అన్నం లేదు. ప్రార్థనలో కళ్ళు తెరిస్తే మూడు దెబ్బలు. అయినా తమ్ముడు ప్రార్థన మధ్యలో చెయ్యి చాపి చేప ముక్క లాగేవాడు. "దేవుడెలాగూ చూస్తాడు, నాన్న చూడకపోతే చాలు" అనేవాడు.

బైబిల్లో దానియేలులా రోజుకు మూడుసార్లు మోకరించడం నాన్న నియమం. ఇంటి దగ్గరైనా సరే, ఇంజన్ మీదైనా సరే. సిగ్నల్ లేక బండి ఆగి ఉంటే పగలు పన్నెండుకు, డ్రైవరు నిలబడే ఫుట్‌ప్లేటు మీదే మోకాళ్ళూనేవాడు. పొయ్యిలో బొగ్గు వేసే తన ఫైర్‌మన్‌నూ మోకరింపజేసేవాడు.

ఆ ఫైర్‌మన్‌ను మేం బాబాయి అనేవాళ్ళం. పాతికేళ్ళు లేవు. నవ్వితే ముఖమంతా పళ్ళే. కొత్తగా పెళ్ళయింది. వాక్యం చెప్పి బాప్తిస్మం దాకా నడిపించింది నాన్నే. అందుకే నాన్నను అన్నయ్యా అని పిలిచేవాడు, నాన్న మాటకు ఎదురు చెప్పేవాడు కాదు.

* * *

వేసవి సెలవులు. నాకు పదేళ్ళు. నాన్న గూడ్సు ఔటర్ దగ్గర ఆగిపోయిందని కబురొస్తే అమ్మ కేరేజీ ఇచ్చి పంపింది. పట్టాల పక్కన కంకర కాళ్ళను కాలుస్తుంటే పరుగెత్తాను.

"ఎక్కవే" అన్నాడు నాన్న పైనుంచి.

"ఎవరైనా చూస్తే?"

"ఎవడున్నాడే ఇక్కడ, ఎండ తప్ప!"

పిల్లల్ని ఇంజన్ ఎక్కించడం నేరం. నాకు అదే సంబరం. లోపల పొయ్యి తలుపు తెరిచి ఉంది. బాబాయి బొగ్గు పారను కడిగి, దాని మీద ఎండు చేపలు పరిచి, పొయ్యి నోట్లో పెట్టి కాలుస్తున్నాడు.

"ఇంద కూతురా. దొరల ఇంజన్ మీద మన వంట."

"వంట సంగతి తర్వాత. ముందు ఆ తలుపు మూయరా" అన్నాడు నాన్న.

"మూస్తా అన్నయ్యా. ఇంకో రెండు కాలనీ."

నాన్న జేబులోంచి గడియారం తీశాడు. పన్నెండు. టోపీ తీసి పక్కన పెట్టాడు. బాబాయి గేజి గ్లాసు వైపు చూశాడు. బాయిలర్‌లో నీళ్ళెంత ఉన్నాయో చూపించే గాజు గొట్టం అది.

"అన్నయ్యా, నీళ్ళు అడుక్కొచ్చేశాయి. ఇంజెక్టర్ తిప్పి నీళ్ళెక్కించి మోకరిస్తా."

"దానియేలు సింహాలున్నాయని తెలిసి కూడా వాయిదా వేశాడంట్రా? మోకరించు. రెండు నిమిషాల్లో ఏం మునిగిపోదు."

"మునగదన్నయ్యా, ఎండుద్ది" అని నవ్వి, బాబాయి తెరిచి ఉన్న పొయ్యి తలుపు ముందే మోకాళ్ళూనాడు. నేను మూలన.

నాన్న ప్రార్థన ఏనాడూ రెండు నిమిషాల్లో అయ్యింది కాదు. గార్డు కోసం, సంఘం పాస్టరు అయ్యగారి కోసం, జబ్బున్నవాళ్ళ కోసం, దేశాధినేతల కోసం. పైన సేఫ్టీ వాల్వు లేచి ఆవిరి పోతూనే ఉంది. అంటే నీళ్ళూ పోతున్నాయి. నేను కళ్ళు తెరిచాను.

గ్లాసులో నీళ్ళు లేవు.

అంటే ఏమిటో నాకు తెలుసు. గోడ మీద బొగ్గుతో బొమ్మ గీసి నాన్నే నేర్పాడు. పొయ్యి కప్పులో సీసపు బిరడా ఒకటుంటుంది. దాని మీద నీళ్ళున్నంతసేపు చల్లగా కూర్చుంటుంది. నీళ్ళు దిగిపోతే కరిగిపోతుంది, ఆవిరంతా పొయ్యిలోకి దూకి నిప్పును బయటికి తన్నుతుంది. "గ్లాసు ఖాళీగా కనబడితే అరవాలి. నిద్రపోతున్నా లేపాలి, అన్నం తింటున్నా లేపాలి" అని చెప్పాడు. ప్రార్థన చేస్తుంటే ఏం చెయ్యాలో చెప్పలేదు.

నాన్నా అని పిలిస్తే కళ్ళు తెరిచినట్టు తెలిసిపోతుంది. మూడు దెబ్బలు. ఆమెన్ వచ్చేస్తుందిలే అనుకున్నాను. మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

ఆ మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎవరో నా లంగా, జబ్బా కలిపి పట్టి బయటికి విసిరేశారు. కంకర మీద పడ్డాను. మోచేతి ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. తల ఎత్తి చూస్తే ఫుట్‌ప్లేటంతా తెల్లటి ఆవిరి, దాని మధ్య ఎర్రటి నాలుక. నన్ను విసిరిన చేతులు బాబాయివి. నా వైపు తిరిగాడు కాబట్టి ముఖంలో కుడి సగమే కాలింది. వీపు, చేతులు మొత్తం పోయాయి. నాన్న ఆయన్ని కిందికి దింపి చొక్కా తీయబోతే చొక్కాతో పాటు చర్మం వచ్చింది. బాబాయి అరవలేదు. ఇంజన్ ఆయన బదులు అరుస్తోంది.

నాన్న ఆయన్ని భుజాన వేసుకున్నాడు. పరుగెత్తబోతూ నా వైపు చూశాడు. "ఇంటికి పో. చెట్టెక్కి పడ్డానని చెప్పు. నువ్వు ఇంజన్ ఎక్కలేదు. వినబడిందా? ఎక్కలేదు!"

* * *

సీసపు బిరడా కరిగితే రైల్వేలో ఒకరి ఉద్యోగం పోవాల్సిందే. సోమవారం ఎంక్వైరీ. నాన్న రిపోర్టు రాసిచ్చాడు: నీళ్ళు చూడమని చెప్పాను, ఫైర్‌మన్ కునుకు తీశాడు. ఆ కాగితం నిలబడితే బాబాయి పని పోతుంది. కాలిన చేతులతో ఆయన్ని ఇంకెవరూ పనిలో పెట్టుకోరు.

ఆసుపత్రిలో బాబాయిని అరటాకుల మీద పడుకోబెట్టారు. పెదవులు కదపగానే భార్యతో నిజం చెప్పాడు. శనివారం ఉదయం ఆమె అన్న మా ఇంటి మీద పడ్డాడు. షెడ్డులో కలాసీ. వెంట ఇద్దరు, చేతుల్లో బొగ్గు పారలు.

"బయటికి రారా ప్రార్థనాపరుడా! నా చెల్లెలి మొగుణ్ణి కాల్చుకు తిని, నిద్రపోయాడని రాస్తావా?"

తలుపు గడియ ఊడి గోడకు తగిలింది. నాన్నను కాళ్ళు పట్టి వీధిలోకి ఈడ్చారు. ఆయనా తక్కువ తినలేదు. ఒకడి ముక్కు మీద తలతో కొట్టాడు. పార వీపున పడింది, మళ్ళీ పడింది, పక్కటెముక విరిగింది. అమ్మ రోకలి తీసుకుని దూకి కలాసీ మోకాలి మీద వేసింది. వీధంతా చూస్తోంది, విడదీసేవాళ్ళు లేరు.

పిన్ని, అంటే బాబాయి భార్య, ఆ గొడవను పట్టించుకోలేదు. నా దగ్గరకు వచ్చి కూర్చుంది. కట్టు కట్టిన నా చెయ్యి చూసింది.

"నువ్వున్నావంట గదే అక్కడ. నిన్ను తోశాడంట. ఆయన నిద్రపోయాడా? ఒక్క మాట చెప్పు తల్లీ."

నేను నాన్న వైపు చూశాను. నోటి నిండా రక్తంతో ఆయనా నన్నే చూస్తున్నాడు.

"నేను చెట్టెక్కి పడ్డాను" అన్నాను.

* * *

మర్నాడు ప్రభు బల్ల ఆదివారం. రొట్టె, ద్రాక్షారసం మీద తెల్ల గుడ్డ కప్పి ఉంది. అయ్యగారు ఆ గుడ్డ తీయలేదు.

"సహోదరుడి మీద అబద్ధం పెట్టుకుని ఈ బల్ల దగ్గరికి ఎవరూ రావద్దు. పెద్దగారూ, మీరు చెప్పండి. ఆ అబ్బాయి నిద్రపోయాడా, మోకరించాడా?"

నాన్న పక్కటెముకలు పట్టుకుని నిలబడ్డాడు. "నిద్రపోయాడండి."

"పాపా, నువ్వు రా."

నడిచి వెళ్ళాను. ఆడవాళ్ళ వరసలో పిన్ని. ముందు బల్ల. పక్కన నాన్న నడుముకు బెల్టు.

"నేను చూశానండి. బాబాయి నిద్రపోయాడు."

చెట్టెక్కి పడ్డదాన్ని ఎలా చూశానో ఎవరూ అడగలేదు. అడిగే వ్యవధి లేకపోయింది. పిన్ని లేచి వచ్చి నా చెంప మీద కొట్టింది. బల్ల కోడు తగిలి నా పెదవి చిట్లింది. ఆమెను బయటికి తీసుకుపోయారు. నాన్న రొట్టె ముట్టకుండా ఇంటికి నడిచాడు. వెనకే మేము.

ఇంటికి వెళ్ళాక తలుపు వేసి బెల్టు తీశాడు. అంతవరకు ఎన్నడూ అలా కొట్టలేదు. బెల్టు బకిల్ కనుబొమ్మ మీద తగిలి కన్ను రక్తంతో మూసుకుపోయింది.

"రొట్టె ముందు నిలబడి అబద్ధమా? దేవుడి బల్ల ముందా?"

"నువ్వే చెప్పమన్నావు నాన్నా!"

చెయ్యి ఆగింది. మళ్ళీ లేచింది. అప్పుడే అమ్మ పొయ్యి మీది గంజి గిన్నె ఎత్తి ఆయన మీద గిరాటేసింది.

"కొట్టాల్సింది దాన్ని కాదు!"

గంజి మెడ మీద, భుజం మీద పడింది. నాన్న కేక వేసి కూలబడ్డాడు. చర్మం చూస్తుండగానే ఎర్రబడి పొక్కులు లేచాయి. అమ్మ భయపడి నీళ్ళు తెచ్చింది. ఆయన వద్దన్నాడు. చాలాసేపు ఆ భుజాన్ని చూసుకుంటూ కూర్చున్నాడు.

"గిన్నెడు గంజికే ఇంత మంటగా ఉందే" అన్నాడు చివరికి. "వాడికి బాయిలరంతా."

సోమవారం ఎంక్వైరీలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మోకరించమన్నది తనేనని, పిల్లను ఎక్కించింది తనేనని. బాబాయిని గాయాలు మానాక లాంపుల గదిలో పెట్టారు. నాన్న డ్రైవరు పని పోయింది. షెడ్డులో బూడిద గుంట దగ్గర వేశారు. తను నడిపిన ఎక్స్‌డిల కింది బూడిదను రిటైరయ్యేదాకా పారతో ఎత్తాడు. ఆ తర్వాత ఆ ఇంజన్లనూ అదే యార్డులో గ్యాసు మంటతో ముక్కలు కోసి లారీలకు ఎత్తారు. నాన్న కంచె పట్టుకుని చూశాడు. బెల్టు మళ్ళీ తీయలేదు. పాటా అందుకోలేదు.

బాబాయి మాత్రం మా ఇంటికి రావడం మానలేదు. సగం ముఖం కరిగిన కొవ్వొత్తిలా ఉండేది. "దీన్ని బ్రతికించడానికే దేవుడు నన్ను ఆ పొద్దు అక్కడ ఉంచాడు" అని అందరికీ చెప్పేవాడు. నా పెళ్ళిలో కాలిన చెయ్యి నా తల మీద పెట్టి దీవించాడు. గ్లాసు చూసి కూడా నేను నోరు మూసుకున్నానని ఆయనకు తెలియదనుకునేదాన్ని. ఆ దీవెన నా మీద నిప్పులా ఉండేది.

* * *

ఆవిరి రైలు చూసొచ్చిన మర్నాటి ఉదయం, మనవరాలు గడ్డానికి ప్లాస్టరుతో స్కూలుకు వెళ్ళాక, తమ్ముడి దగ్గర నంబరు తీసుకుని బాబాయికి ఫోన్ చేశాను. ఆయనకు డెబ్బై దాటాయి.

"వందనాలు బాబాయ్."

"ఎవరూ? కూతురా! జర్మనీ నుంచా? అక్కడ చలేనా, ఎండుందా?"

"బాబాయ్, ఆ రోజు ప్రార్థనలో నేను కళ్ళు తెరిచాను. గ్లాసు ఖాళీగా ఉంది. చూసి కూడా చెప్పలేదు."

దగ్గు వినబడింది. 

"తెలుసమ్మా" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"నేనూ తెరిచే ఉన్నా గదా. నువ్వు గ్లాసును చూస్తన్నావు, నేను నిన్ను చూస్తన్నా. ఈ పిల్ల అరిస్తే బాగుణ్ణు, నాకు తిట్లు తప్పుతాయి అనుకున్నా. నీది చిన్నతనం. నాకేం రోగం?"

"మరి ఎంక్వైరీలో..."

"కళ్ళు మూసుకున్నానని చెప్పా. మీ నాన్న నిజం ఒప్పుకున్నాక నన్నెవరు అడుగుతారు? మీ నాన్న బూడిద ఎత్తుతుంటే, నేను కిటికీలో లాంపులు తుడుచుకుంటా చూసేవోణ్ణి. నేను కూడా చూశానన్నయ్యా, చూసి కూడా లేవలేదు అని ఒక్క మాట చెప్పలేకపోయా. ఆ పొద్దు ఆ ఇంజన్ మీద నిజంగా ప్రార్థన చేసింది మీ నాన్న ఒక్కడేనే."

ఇద్దరం ఫోన్లో ఏడ్చాం. తప్పంతా తనదేనన్న నమ్మకంతో నాన్న పోయాడు. దాన్ని తగ్గించగల మనుషులిద్దరం ఆయన సమాధి మీద మన్ను వేసి ఊరుకున్నాం.

వచ్చే నెల మొదటి ఆదివారం, ప్రభు బల్లకు ముందు, బాబాయి మా ఊరి ఆ పాత సంఘంలో నిలబడి ఈ మాట చెబుతానన్నాడు. నేను ఫోన్‌లో ఆయన తర్వాత చెబుతాను. నాన్నను ఎరిగినవాళ్ళు ఇంకా నలుగురైదుగురు అక్కడ ఉన్నారు. వాళ్ళకు వినబడాలి. బాబాయి గుండె బలహీనంగా ఉంది. నా గొంతు ఆ బల్ల ముందు ఒకసారి అబద్ధానికి లొంగిపోయిన గొంతు. అందుకే చదువుతున్న మిమ్మల్ని బ్రతిమాలుకుంటున్నాను. మీరు ఏ ఊళ్ళో ఉన్నా, ఏ సంఘంలో ఉన్నా, ఆ ఆదివారం మాతో కలిసి ఈ ఒక్క మనవి చేయండి: ప్రభువా, ఆ ముసలాయన నిలబడగలిగేలా కాళ్ళకు బలమివ్వు. ఆ కూతురు చివరి మాట వరకు చెప్పగలిగేలా నోటికి ధైర్యమివ్వు.